పాత డెస్క్‌టాప్‌కి తక్కువ ఖర్చులో గ్రాఫిక్స్ కార్డు: ముందు క్యాబినెట్ తెరవండి, తర్వాత షాపుకి వెళ్లండి

కార్డు కొని ఇంటికి తెచ్చాక క్యాబినెట్‌లో పట్టదు. పట్టినా, దానికి పెట్టాల్సిన వైరు ఎస్‌ఎంపీఎస్‌లో (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టెలో) ఉండదు. ఆ వైరు ఎలాగో సంపాదిస్తే, మానిటర్‌కి వీజీఏ అనే పాతకాలం పోర్టు తప్ప వేరేది ఉండదు. పాత కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు కొన్నవాళ్లకు మొదట ఎదురయ్యే ఇబ్బందులు ఇవే. మూడింటినీ కొనకముందే తేల్చుకోవచ్చు. స్టార్ స్క్రూడ్రైవర్, టేపు, టార్చి ఉన్న ఫోను, ఓ అరగంట ఓపిక చాలు.

ఇక్కడ చెప్పేది రెండు రకాల కంప్యూటర్ల గురించి. ఒకటి, కంపెనీల ఆఫీసుల్లో వాడి పక్కన పెట్టాక, బాగుచేసి రీఫర్బిష్డ్‌గా మార్కెట్‌కి వచ్చే బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు: డెల్ ఆప్టిప్లెక్స్ 7010, 9020, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ1, లెనోవో థింక్‌సెంటర్ ఎం93పీ లాంటివి. సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలో గానీ, చెన్నై రిచీ స్ట్రీట్‌లో గానీ, బెంగళూరు ఎస్పీ రోడ్డులో గానీ వరసగా పేర్చి కనిపించేవి ఇవే. రెండోది, పదేళ్ల కిందట షాపులో అసెంబుల్ చేయించుకున్న హెచ్61, హెచ్81 మదర్‌బోర్డుల కంప్యూటర్లు. ఇంటెల్ రెండో తరం నుంచి ఏడో తరం దాకా ప్రాసెసర్ ఉన్న ఏ డెస్క్‌టాప్‌కైనా ఇదే పద్ధతి పనికొస్తుంది. కోర్ 2 డ్యుయో, కోర్ 2 క్వాడ్ ఉంటే మాత్రం కార్డు మీద రూపాయి కూడా పెట్టకండి. ఆ డబ్బుకి నాలుగో తరం ఐ5 ఉన్న పాత డెస్క్‌టాప్ చూసుకోవడం మేలు.

1. మీ సమస్య కార్డుతో తీరేదేనా?

విండోస్ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంటే దానికి కావాల్సింది ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్‌డిస్కు కన్నా వేగమైన డిస్కు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే కంప్యూటర్ బిగుసుకుపోతుంటే ర్యామ్ చాలడం లేదు. గ్రాఫిక్స్ కార్డు ఈ రెండింటినీ బాగుచెయ్యదు. ఎస్‌ఎస్‌డీ లేకుండా, 8 జీబీ ర్యామ్ లేకుండా కార్డు గురించి ఆలోచించడం తొందరపాటే.

యూట్యూబ్ వీడియోలు ఆగి ఆగి ఆడటం ఇంకో ఫిర్యాదు. యూట్యూబ్ ఎక్కువగా పంపేది వీపీ9, ఏవీ1 ఫార్మాట్లలో. మూడో తరం ప్రాసెసర్లలోని ఇంటెల్ హెచ్‌డీ 2500 గ్రాఫిక్స్‌కి వీటిని డీకోడ్ చేసే (విప్పి చూపించే) హార్డ్‌వేర్ లేదు. భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. దీనికి ముందు ఉచితమైన మందు ఒకటి ఉంది: బ్రౌజర్‌లో హెచ్264ఐఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ పాత హెచ్.264 ఫార్మాట్‌లోనే వీడియో పంపుతుంది. రిజల్యూషన్ 1080పీ దాటదు, కానీ వీడియో సాఫీగా ఆడుతుంది. మీ అవసరం అంతవరకే అయితే ఇక్కడితో ఆగిపోవచ్చు.

గేములు, వీడియో ఎడిటింగ్, బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్), ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ (ఫోను యాప్‌లు కంప్యూటర్‌లో నడిపేది), రెండు మూడు మానిటర్లు, 4కే టీవీకి కనెక్షన్: వీటిలో ఏదైనా ఉంటే కార్డు పెట్టడంలో అర్థముంది.

2. ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడే వెచ్చించండి. ఏ కార్డు కొనాలో చాలావరకు తేల్చేది ఎస్‌ఎంపీఎస్సే.

కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, పక్క తలుపు ఊడదీయండి. ఎస్‌ఎంపీఎస్ మీద అతికించిన లేబుల్‌కి ఫొటో తీసుకోండి. పెద్ద అక్షరాల్లో ఉన్న "450 వాట్స్" లాంటి అంకెను పక్కనపెట్టి 12 వోల్ట్ గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ నడిచేది ఆ 12 వోల్ట్ లైను మీదే. ఆంపియర్లను 12తో గుణిస్తే నిజంగా దొరికే వాట్లు వస్తాయి. పైన 450 అని రాసి ఉన్నా 12 వోల్ట్ దగ్గర 16 ఆంపియర్లే ఉంటే, మీ చేతిలో ఉన్నది 192 వాట్లు. చవక క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే లోకల్ ఎస్‌ఎంపీఎస్‌లలో ఈ తేడా మామూలే. డెల్, హెచ్‌పీ, లెనోవో వాళ్లవి చూడ్డానికి చిన్నగా ఉన్నా, రాసినంత ఇస్తాయి. లేబుల్ మీద 12 వోల్ట్ లైన్లు రెండు మూడుగా విడదీసి కనబడితే వాటి ఆంపియర్లను కూడకండి. కింద ఎక్కడో రెండింటికీ కలిపి గరిష్ఠ వాట్లు రాసి ఉంటాయి, అదే లెక్క.

ఇప్పుడు ఎన్ని వాట్లు కావాలో లెక్క వేద్దాం. ఆప్టిప్లెక్స్ 7010 మినీ టవర్‌లో కోర్ ఐ5 3470 ఉందనుకోండి. ప్రాసెసర్‌కి 77 వాట్లు. బోర్డు, ర్యామ్, డిస్కు, ఫ్యాన్లకు ఓ 40. అదనపు వైరు అక్కర్లేని కార్డుకి గరిష్ఠంగా 75. మొత్తం 192. ఆ టవర్‌లోని ఎస్‌ఎంపీఎస్ 275 వాట్లది. సరిపోతుంది, కొంత మిగులుతుంది కూడా. అదే మోడల్ చిన్న క్యాబినెట్ రకంలో 240 వాట్లు ఉంటుంది. అందులోనూ నడుస్తుంది, కానీ మిగిలే మార్జిన్ తక్కువ. కాబట్టి అక్కడ 50 వాట్ల చుట్టుపక్కల కార్డు పెట్టుకోవడం నయం.

75 అన్న అంకె ఎక్కడిదంటే, మదర్‌బోర్డు మీది పొడవాటి పీసీఐఈ ఎక్స్16 స్లాట్ కార్డుకి ఇవ్వగలిగే గరిష్ఠ విద్యుత్తు అంతే. అంతకు మించి కావాల్సిన కార్డులకు పైన 6 పిన్ల సాకెట్ (ఇంకో 75 వాట్లు) గానీ 8 పిన్ల సాకెట్ (150 వాట్లు) గానీ ఉంటుంది. ఆఫీసు డెస్క్‌టాప్‌ల ఎస్‌ఎంపీఎస్‌లలో సాధారణంగా ఈ వైర్లే ఉండవు. ఉంటే అదృష్టం.

"వైరు లేకపోతే ఏముంది, కన్వర్టర్ వేద్దాం" అని షాపులో సాటా (డిస్కుకి కరెంటు ఇచ్చే వైరు) నుంచి 6 పిన్‌కి మార్చే చిన్న కేబుల్ చేతిలో పెడతారు. తీసుకోకండి. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్ట్‌కి మూడే పిన్నులు, ఒక్కోదానికి 1.5 ఆంపియర్లు, మొత్తం 54 వాట్లు. దాన్నుంచి 75 వాట్లు లాగితే కనెక్టర్ ప్లాస్టిక్ కరుగుతుంది, అంటుకునే ప్రమాదం కూడా ఉంది. మోలెక్స్ అనే పాత 4 పిన్ల కనెక్టర్లు రెండు వేర్వేరుగా ఉంటే, వాటి నుంచి తీసుకునే కన్వర్టర్ కాస్త నయమే గానీ, అదీ మంచి ఎస్‌ఎంపీఎస్ మీదైతేనే.

మరి ఎస్‌ఎంపీఎస్ మార్చేస్తే? అసెంబుల్డ్ కంప్యూటర్‌లో సులువే. బ్రాండెడ్ వాటిలో చిక్కు ఉంది. ఆప్టిప్లెక్స్ 9020, 7020, 3020లలో బోర్డుకి వెళ్లే కనెక్టర్ మామూలు 24 పిన్లది కాదు, డెల్ సొంత 8 పిన్లది. ఎలైట్‌డెస్క్ 800 జీ1లో 6 పిన్లది, థింక్‌సెంటర్ ఎం93పీలో 14 పిన్లది. మామూలు ఎస్‌ఎంపీఎస్ పెట్టాలంటే ఆ మోడల్‌కే సరిపోయే కన్వర్టర్ కేబుల్ విడిగా కొనాలి. చిన్న క్యాబినెట్‌లలో అయితే మామూలు ఎస్‌ఎంపీఎస్ అసలు పట్టదు. ఎస్‌ఎంపీఎస్ ధర, కేబుల్ ధర కార్డు ధరకి కలిపి చూసుకుంటే "చవగ్గా దొరికిన పెద్ద కార్డు" చవక కాదని అర్థమవుతుంది. అందుకే ఈ మెషీన్లకు అదనపు వైరు అడగని కార్డే సరైనదని మా గట్టి అభిప్రాయం.

యూపీఎస్ సంగతి కూడా ఇక్కడే చూసుకోండి. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లు. 75 వాట్ల కార్డు పెట్టినా సరిపోతుంది. కానీ బ్యాటరీ మూడు నాలుగేళ్ల పాతదైతే, గేము ఆడుతుండగా కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ వెంటనే ఆగిపోతుంది. తప్పు కొత్త కార్డుదనుకుంటారు. మార్చాల్సింది యూపీఎస్ బ్యాటరీని.

3. టేపు తీసి కొలవండి

మూడు కొలతలు కావాలి. మొదటిది పొడవు: వెనక పట్టీ నుంచి ముందున్న హార్డ్‌డిస్కు గూడు దాకా ఎన్ని మిల్లీమీటర్లు ఖాళీ ఉందో. ఒక ఫ్యాన్ కార్డులు దాదాపు 150 నుంచి 180 మిల్లీమీటర్లలో వస్తాయి, రెండు ఫ్యాన్లవి 200 దాటతాయి. రెండోది ఎత్తు: వెనక కార్డు బిగించే ఇనప పట్టీ 12 సెంటీమీటర్లుంటే అది మామూలు క్యాబినెట్. 8 సెంటీమీటర్లే ఉంటే లో ప్రొఫైల్ (పొట్టి) కార్డు తప్ప వేరేది పట్టదు. కొనేటప్పుడు పొట్టి పట్టీ పెట్టెలో ఉందో లేదో అడగండి. సెకండ్‌హ్యాండ్‌లో అది పోయి ఉండటం సాధారణం, విడిగా దొరకదు.

మూడోది మందం. హీట్‌సింక్, ఫ్యాన్ ఉన్న కార్డులు ఎక్కువగా రెండు స్లాట్ల చోటు తీసుకుంటాయి. కొన్ని చిన్న క్యాబినెట్‌లలో ఎక్స్16 స్లాట్ సరిగ్గా ఎస్‌ఎంపీఎస్ గోడ పక్కనే ఉంటుంది. అక్కడ ఒక స్లాట్ మందం కార్డే దూరుతుంది. ఫొటోలు చూసి అంచనా వేయకుండా, స్లాట్ నుంచి పక్క అడ్డు దాకా స్కేలుతో కొలవండి. 4 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే రెండు స్లాట్ల కార్డు మరిచిపోండి. పక్కనే సాటా వైర్లు పైకి పొడుచుకొచ్చి ఉంటే వాటిని కూడా లెక్కలోకి తీసుకోండి.

4. స్లాట్ వేగం, ప్రాసెసర్ బలం

రెండో తరం ఇంటెల్ ప్రాసెసర్లు (ఐ3 2100, ఐ5 2400 వంటివి) స్లాట్‌కి పాత పీసీఐఈ 2.0 వేగం మాత్రమే ఇస్తాయి. మూడో తరం ఐ5, ఐ7ల నుంచి 3.0. హెచ్61 బోర్డుల్లో మూడో తరం ప్రాసెసర్ ఉన్నా 3.0 పనిచేయడం బోర్డు బయాస్ (ఆన్ చేయగానే బోర్డుని నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఆధారపడి ఉంటుంది.

ఎక్స్16 స్లాట్‌లోని 16 లైన్లు (డేటా దారులు) అన్నీ వాడుకునే కార్డుకి ఈ తేడా పెద్దగా తెలియదు. జీటీఎక్స్ 1650 అలాంటిది. ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 6400 దగ్గరే తేడా బాగా కనిపిస్తుంది. దాని కనెక్టర్ ఎక్స్16 పొడవున్నా లోపల పనిచేసేవి నాలుగు లైన్లే, అవీ పీసీఐఈ 4.0ని ఉద్దేశించి చేసినవి. కొత్త బోర్డులో సెకనుకి దాదాపు 8 జీబీ డేటా వెళ్తే, 3.0 బోర్డులో 4 జీబీ, రెండో తరం మెషీన్‌లో 2 జీబీ. కార్డు మీద ఉన్నది 4 జీబీ మెమరీ. గేముకి అంతకు మించి కావాల్సి వచ్చినప్పుడల్లా డేటా మెయిన్ ర్యామ్ నుంచి ఈ ఇరుకు దారిలోనే రావాలి. అప్పుడే ఆట ఉన్నట్టుండి కుదుపులు ఇస్తుంది. కొత్త బోర్డుల మీద చేసిన రివ్యూ చూసి పాత కంప్యూటర్‌కి ఈ కార్డు కొన్నవాళ్లు నిరాశపడేది అందుకే.

ప్రాసెసర్ విషయానికొస్తే, నాలుగు కోర్ల ఐ5 ఉంటే 75 వాట్ల కార్డులకు సరిజోడు. రెండు కోర్ల ఐ3, పెంటియం ఉంటే ముందు అదే సాకెట్‌లో పట్టే పాత ఐ5 గానీ ఐ7 గానీ సెకండ్‌హ్యాండ్‌లో వేసుకోండి. ఇంకో తేడా: ఏవీఎక్స్2 అనే సూచనల సమితి నాలుగో తరం నుంచే ఉంది. అది లేకపోతే కొన్ని కొత్త గేములు అసలు తెరుచుకోవు. ఎంత ఖరీదైన కార్డు పెట్టినా రెండు, మూడో తరాల్లో ఈ లోటు తీరదు. అలాగే ర్యామ్ ఒక్క 8 జీబీ స్టిక్ మీద నడుస్తుంటే, అలాంటిదే ఇంకోటి వేసి డ్యుయల్ ఛానెల్ (రెండూ ఒకేసారి పనిచేసేలా) చెయ్యండి. కుదుపులు తగ్గుతాయి.

5. మానిటర్ పోర్టు, బయాస్, విండోస్

జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి ఎన్విడియా కార్డుల్లో వీజీఏ సిగ్నల్ రాదు. కొన్నిటికి డీవీఐ ఉన్నా అది డీవీఐ-డీ, అంటే డిజిటల్ మాత్రమే. పాతకాలం చిన్న డీవీఐ-వీజీఏ బిళ్ల దాని మీద పనిచేయదు. మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే హెచ్‌డీఎమ్‌ఐ నుంచి వీజీఏకి మార్చే యాక్టివ్ కన్వర్టర్ కొనాలి, అంటే లోపల చిప్ ఉన్నది. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎమ్‌ఐకి కేబుల్ పనిచేస్తుంది, హెచ్‌డీఎమ్‌ఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి మామూలు కేబుల్ పనిచేయదు.

బయాస్ పాతదైతే కొత్త కార్డుతో స్క్రీన్ రాకపోవచ్చు. పాత గ్రాఫిక్స్ మీద నడుస్తుండగానే కంపెనీ వెబ్‌సైట్ నుంచి చివరి బయాస్ వేసుకోండి. యూపీఎస్ లేకుండా ఈ పని చేయొద్దు, మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లడానికి డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌సెంటర్‌లో ఎఫ్1. ప్రతిసారీ తేదీ, టైము వెనక్కి పోతుంటే సీఆర్ 2032 బ్యాటరీ కూడా ఇప్పుడే మార్చేయండి. అది అయిపోతే మీరు పెట్టిన బయాస్ సెట్టింగులూ చెరిగిపోతాయి.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎనిమిదో తరానికి ముందు ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా రాదు. కొన్ని ఆన్‌లైన్ గేములు విండోస్ 11 మీద టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ అనే బోర్డు భద్రతా ఏర్పాట్లు అడుగుతాయి. వాలొరెంట్ అందులో ఒకటి. మీరు ఆడేది అదే అయితే కార్డు కొనేముందు ఈ సంగతి చూసుకోండి.

6. ఇక కార్డులు

షాపులో ముందుగా చూపించేది జీటీ 710, జీటీ 730. "4 జీబీ కార్డు సార్" అంటారు. ఆ 4 జీబీ డీడీఆర్3 అనే నెమ్మది రకం మెమరీ, అదీ సాధారణంగా 64 బిట్ దారిలో. సెకనుకి సుమారు 14 జీబీ మాత్రమే కదులుతుంది. జీటీఎక్స్ 1650లో అదే 4 జీబీ మెమరీ సెకనుకి 128 జీబీ కదిలిస్తుంది. పైగా ఈ కెప్లర్ తరం కార్డులకు కొత్త డ్రైవర్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. నాలుగో తరం ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్ వదిలి దీన్ని పెట్టుకోవడం వల్ల చెప్పుకోదగ్గ లాభం ఉండదు. మెమరీ ఎన్ని జీబీలో అడగడం కన్నా ఏ రకమో, ఎన్ని బిట్‌లో అడగడం ముఖ్యం.

జీటీ 1030 రెండు రకాలుగా అమ్ముడయింది. జీడీడీఆర్5 ఉన్నది సెకనుకి 48 జీబీ, డీడీఆర్4 ఉన్నది 16.8 జీబీ. పేరు ఒకటే. డబ్బా మీద డీడీఆర్4 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. మొదటి రకం 30 వాట్లతో నడుస్తూ వీపీ9 వీడియోలు, రెండో మానిటర్, పాత గేములకు పనికొస్తుంది. వీడియో ఎన్‌కోడర్ (రికార్డు చేసే వీడియోని కుదించే భాగం) లేదు కాబట్టి స్క్రీన్ రికార్డింగ్, స్ట్రీమింగ్ చేసేవాళ్లకు వద్దు.

జీటీఎక్స్ 1050 టీఐ చాలా ఏళ్లు ఈ కోవలో రాజు. 768 కోర్లు, 4 జీబీ జీడీడీఆర్5, 75 వాట్లు. అయితే ఈ తరానికి ఎన్విడియా కొత్త గేముల డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆపేసింది. ఇక 2028 అక్టోబర్ దాకా భద్రతా అప్‌డేట్లు మాత్రమే. జీటీఏ 5, సీఎస్ 2 లాంటి ఇప్పటికే స్థిరపడిన గేములకు సెకండ్‌హ్యాండ్‌లో బాగా తక్కువకి వస్తే తీసుకోవచ్చు. జీటీఎక్స్ 1650 ధరకి కొంచెం అటూ ఇటూగా చెబితే మాత్రం వదిలేయండి.

జీటీఎక్స్ 1650 ట్యూరింగ్ తరానిది, డ్రైవర్లు ఇంకా వస్తున్నాయి. 896 కోర్లు, 16 లైన్లు పూర్తిగా వాడుతుంది కాబట్టి రెండో తరం బోర్డులోనూ ఇబ్బంది పెట్టదు. పాత ఆఫీసు టవర్‌కి సెకండ్‌హ్యాండ్‌లో మొదట వెతకాల్సింది ఇదే. ఒక జాగ్రత్త: 1650 పేరుతో ఉన్నవన్నీ వైరు లేనివి కావు. ఫ్యాక్టరీలోనే వేగం పెంచిన మోడళ్లకు, జీడీడీఆర్6 రకాల్లో చాలావాటికి 6 పిన్ల సాకెట్ ఉంటుంది. కార్డు పై అంచు ఫొటో అడిగి చూడండి.

కొత్తది, వారంటీతో కావాలంటే 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. 70 వాట్లు, అదనపు వైరు లేదు, ఏవీ1 డీకోడ్ ఉంది, గేముల వేగం పెంచే డీఎల్ఎస్ఎస్ ఉంది, బ్లెండర్‌లో పని వేగం పెంచే ఆప్టిక్స్ పనిచేస్తుంది, లో ప్రొఫైల్ రకాలూ దొరుకుతాయి. ఎడిటింగ్ నేర్చుకుంటున్న విద్యార్థికి మేము మొదట చెప్పే కార్డు ఇదే. 8 జీబీ రకం వేరే కార్డు, 130 వాట్లు తీసుకుంటుంది, 8 పిన్ల వైరు అడుగుతుంది. ఆర్డర్ పెట్టేటప్పుడు ఆ రెండూ తారుమారు కాకుండా చూసుకోండి.

ఆర్‌ఎక్స్ 6400 53 వాట్ల కార్డు, ఒకే స్లాట్ మందంతో లో ప్రొఫైల్‌లో దొరుకుతుంది. దాని బలం అదే. మూడో తరం అంతకన్నా కొత్త మెషీన్‌లో, చోటు లేని క్యాబినెట్‌లో, గేముల కోసమే అయితే సరే. వీడియో ఎన్‌కోడర్, ఏవీ1 డీకోడ్ రెండూ లేవు.

ఇరుకు క్యాబినెట్ ఉన్నవాళ్లకు ఎక్కువమందికి తెలియని దారి ఒకటుంది: ఎన్విడియా వర్క్‌స్టేషన్ కార్డులు. టీ600 (40 వాట్లు, 640 కోర్లు, 4 జీబీ), టీ1000 (50 వాట్లు, 896 కోర్లు) రెండూ ఒకే స్లాట్ మందం, లో ప్రొఫైల్. కంపెనీలు వర్క్‌స్టేషన్లు మార్చినప్పుడు ఇవి సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కి వస్తాయి. పోర్టులన్నీ మినీ డిస్‌ప్లేపోర్ట్‌లే, కాబట్టి హెచ్‌డీఎమ్‌ఐ కన్వర్టర్ విడిగా తీసుకోవాలి.

ఇంటెల్ ఆర్క్ కార్డులు ధర చూస్తే ఆశ పుట్టిస్తాయి. రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సౌకర్యం) లేని పాత బోర్డుల్లో వాటి వేగం బాగా పడిపోతుంది. వద్దు.

ఆర్‌ఎక్స్ 580 సంగతి తప్పకుండా అడుగుతారు. బలమైన కార్డే, కానీ 185 వాట్లు, 8 పిన్ల వైరు. మంచి 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఇప్పటికే ఉన్న అసెంబుల్డ్ కంప్యూటర్‌కి మాత్రమే. అది కూడా "2048 ఎస్‌పీ" రకం కాకూడదు. దాని చిప్‌లో పనిచేసే భాగాలు ఆర్‌ఎక్స్ 570 అన్నే, 580 పేరు పెట్టి అమ్ముతారు.

ధరలు వారం వారం మారతాయి కాబట్టి ఒక కట్టుబాటు పెట్టుకోండి: మీ పాత డెస్క్‌టాప్‌ని ఇవాళ అమ్మితే వచ్చే మొత్తానికి రెట్టింపు దాటి కార్డు మీద పెట్టొద్దు. కొత్తది కొంటే సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే, వారంటీ కోసం తిరగాల్సినప్పుడు ఆ తగ్గింపు ఎందుకూ కొరగాదు.

7. సెకండ్‌హ్యాండ్ కార్డు పరీక్ష

డబ్బు ఇవ్వకముందు, కార్డు నడుస్తున్న కంప్యూటర్ ముందు కూర్చోండి. పెన్‌డ్రైవ్‌లో జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్), ఫర్‌మార్క్ (కార్డు మీద పూర్తి భారం వేసి పరీక్షించేది) తీసుకెళ్లండి.

మొదట కళ్లతో. పట్టీ మీద, హీట్‌సింక్ రేకుల మీద తుప్పు, తెల్లటి పొడి ఉన్నాయా? విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో వాడిన కార్డులకు ఇది ఎక్కువ. స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారు. విప్పడం తప్పు కాదు, చిప్ వేడిని హీట్‌సింక్‌కి చేర్చే పేస్టు మార్చి ఉండొచ్చు. ఎందుకు విప్పారో మాత్రం అడగండి. బంగారు రంగు పిన్నుల మీద కాలిన మరక ఉంటే లేచి వచ్చేయండి.

తర్వాత జీపీయూ-జెడ్. నకిలీ కార్డుల బెడద ఇప్పటికీ ఉంది. 2010, 2011 నాటి జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ చిప్‌ల బయాస్ మార్చేసి 1050 టీఐ అని అమ్ముతారు. విండోస్ కూడా అదే పేరు చూపిస్తుంది. జీపీయూ-జెడ్ కొత్త వెర్షన్లు ఇలాంటివాటిని చాలావరకు పట్టుకుని పేరు పక్కన నకిలీ అని చూపిస్తాయి. అయినా మీరే చూడండి: 1050 టీఐకి చిప్ పేరు జీపీ107, షేడర్లు (పైన చెప్పిన కోర్లే) 768. 1650కి సాధారణంగా టీయూ117, షేడర్లు 896, 128 బిట్. చిప్ పేరు జీఎఫ్‌తో మొదలైతే అది ఫెర్మీ అనే ఆ పాత తరం కార్డు.

చివరగా ఫర్‌మార్క్ పది నిమిషాలు. ఉష్ణోగ్రత మొదట వేగంగా ఎక్కి, ఒకచోట నిలకడగా ఆగాలి. 83 డిగ్రీల దగ్గర నిలబడి క్లాక్ (చిప్ వేగం) తగ్గుతూ ఉంటే లోపల పేస్టు ఎండిపోయింది. మార్పించుకోవచ్చు, ధర తగ్గించమని అడగండి. స్క్రీన్ మీద రంగు చుక్కలు, గళ్లు, గీతలు కనిపిస్తే మెమరీ పోతోంది. ఏ ధరకీ వద్దు. ఫ్యాన్ గరగర శబ్దం, ప్రతి పోర్టులో డిస్‌ప్లే, ఈ రెండూ చూశాకే డబ్బు.

8. బిగించడం

వేరే కంపెనీ కార్డు ఇంతకుముందు ఉండి ఉంటే, సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో పాత డ్రైవర్లు పూర్తిగా తీసేయండి. షట్‌డౌన్ చేసి, ప్లగ్గు తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచండి, మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుముని ఒకసారి చేత్తో తాకండి. బ్లోయర్‌తో దుమ్ము దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి.

వెనక రేకు మూత తీసి, స్లాట్ చివర ఉన్న క్లిప్పు తెరిచి, కార్డుని రెండు అంచుల మీద సమానంగా నొక్కండి. క్లిప్పు టక్‌మని మూసుకోవాలి. మూసుకోకపోతే కార్డు పూర్తిగా దిగలేదు. పట్టీ స్క్రూ బిగించేటప్పుడు కార్డు వెనక భాగం పైకి లేస్తుంది, బిగించాక స్లాట్ వైపు మళ్లీ ఒకసారి చూడండి.

మానిటర్ కేబుల్ కార్డు పోర్టుకే పెట్టాలి. మదర్‌బోర్డు పోర్టులో వదిలేసి "కార్డు పనిచేయట్లేదు" అనడం ఎంత ఎక్కువంటే, సమస్య అన్నవాళ్లను మొదట అడగాల్సిన ప్రశ్నే అది. డ్రైవర్ ఎన్విడియా లేదా ఏఎమ్‌డీ వెబ్‌సైట్ నుంచే వేసుకోండి. పెట్టెలో వచ్చిన సీడీ అక్కర్లేదు.

9. ఏదైనా తేడా వస్తే

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ నల్లగా ఉంది: కార్డు తీసి, పిన్నుల్ని మెత్తటి రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టండి. అయినా రాకపోతే కార్డు తీసేసి పాత గ్రాఫిక్స్‌తో బయాస్‌లోకి వెళ్లి, ప్రైమరీ డిస్‌ప్లేని ఆటో లేదా పీఈజీ (స్లాట్‌లోని కార్డు) చేయండి, సీఎస్ఎమ్ (పాత పద్ధతిలో బూట్ చేసే) సెట్టింగ్ ఉంటే మార్చి చూడండి.

డెస్క్‌టాప్ బాగానే ఉంది, గేము మొదలవగానే రీస్టార్ట్: అనుమానం మొదట ఎస్‌ఎంపీఎస్ మీద. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 70 శాతానికి తగ్గించి ఆడండి. రీస్టార్ట్ ఆగితే అనుమానం నిజమే.

విండోస్ డివైస్ మేనేజర్‌లో కార్డు పక్కన కోడ్ 43 అనే లోపం: డ్రైవర్ తీసి మళ్లీ వేయండి. సెకండ్‌హ్యాండ్ ఆర్‌ఎక్స్ 500 సిరీస్ కార్డు అయితే క్రిప్టో మైనింగ్ కోసం కార్డు బయాస్ మార్చి ఉండొచ్చు. కొన్ని మోడళ్లకు పై అంచున చిన్న బయాస్ స్విచ్ ఉంటుంది. కంప్యూటర్ ఆపి రెండోవైపు జరిపి చూడండి.

అనుకున్నంత వేగం లేదు: గేము రిజల్యూషన్ 1080పీ నుంచి 720పీకి తగ్గించండి. ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) పెరగలేదంటే ఆగిపోతున్నది ప్రాసెసర్ దగ్గర, కార్డు దగ్గర కాదు. అప్పుడు గుంపులు, దూర దృశ్యం, నీడల సెట్టింగులు తగ్గిస్తే ఫలితం ఉంటుంది. టెక్స్చర్లు తగ్గించి లాభం లేదు. ఎఫ్‌పీఎస్ పెరిగితే కార్డే పరిమితి, టెక్స్చర్లు, రిజల్యూషన్ తగ్గించండి. జీపీయూ-జెడ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ పక్కన ఉన్న ప్రశ్న గుర్తు నొక్కి పరీక్ష నడిపితే కార్డు ఎన్ని లైన్లతో నడుస్తోందో తెలుస్తుంది. ఎక్స్16 కార్డు ఎక్స్4 అని చూపిస్తే తప్పు స్లాట్‌లో ఉన్నట్టు, లేదా సరిగా దిగనట్టు.

ఏప్రిల్, మే నెలల్లో మాత్రమే వచ్చే ఇబ్బంది ఇంకోటి ఉంది. గది 40 డిగ్రీలున్నప్పుడు, ఒకే ఫ్యాన్ ఉన్న ఆఫీసు క్యాబినెట్‌లో కార్డు వేడి బయటికి పోదు. క్యాబినెట్‌ని గోడకు అరడుగు దూరం జరిపి, ముందు జాలీ దుమ్ము తీసి, గేములో ఎఫ్‌పీఎస్‌ని 60కి కట్టేయండి. చాలా మానిటర్లు అంతకు మించి చూపించవు. కార్డు మీద భారం తగ్గి ఉష్ణోగ్రత దిగుతుంది, ఫ్యాన్ చప్పుడు కూడా తగ్గుతుంది.